లోకంలో మనవాళ్ళు: పదహారో ఏటి పన్ను

పిల్లలూ! అనకాపల్లి పేరు చెప్పగానే మీకు బెల్లం గుర్తుకు వస్తుంది. అయితే మనవాళ్ళు ఒకప్పుడు సముద్రం దాటి పోయి, పరాయివాళ్ళ చెరకు తోటలలో పనిచేశారని మీలో ఎందరికి తెలుసు?

దక్షిణాఫ్రికాలో నేటాల్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడి తెల్లదొరల చెరకు తోటలకు పనివాళ్ళు చాలలేదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి "ట్రూరో" అనే ఓడ కూలీలతో డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 దాకా లక్షా యాభై వేలమందికి పైగా భారతీయులు అలా పోయారు. వారిలో విశాఖపట్నం జిల్లా తెలుగువాళ్ళు చాలామంది. (2022లో వేరే జిల్లా అయిన అనకాపల్లి అప్పుడు అందులోనిదే.) మన సింహాద్రి అప్పన్న పేరు కూడా వారితో ఓడ ఎక్కింది. అక్కడ ఈనాటికీ "అప్పలసామి" అని ఇంటిపేరు గలవారు ఉన్నారు!

అయిదేళ్ళ ఒడంబడిక. మగవాడికి మొదటి ఏడు కూలి నెలకు 10 షిల్లింగులు. గడువు తీరినవాళ్ళు తిరిగి కూలికి కుదరాలి, లేదా ఇండియాకు పోవాలి; ఉండిపోదామంటే ఏటా 3 పౌన్లు పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. 1903లో దానిని వాళ్ళ పిల్లలకూ తగిలించారు. ఆడపిల్లకు 13 ఏళ్ళు, మగపిల్లవాడికి 16 ఏళ్ళు నిండితే చాలు, పన్ను!

ఒక లెక్క చేయండి. పౌనుకు 20 షిల్లింగులు. 3 పౌన్లంటే 60 షిల్లింగులు. నెలకు 10 చొప్పున అది ఎన్ని నెలల కూలి? ఆరు నెలలది! దొర కొడుకు పదహారో ఏట పుస్తకాలు పట్టుకుని బడికి పోవచ్చు. కూలివాడి కొడుకు ఆ వయసుకు అప్పు తీర్చడానికి చెరకు తోటలోకే పోవాలి. తెలివి తక్కువై కాదు సుమా!

1913లో గాంధీగారు నడిపిన సమ్మెలో గనులలోనివాళ్ళూ, తోటలలోనివాళ్ళూ పని మానేశారు. వేలమంది జైళ్ళకు పోయారు. 1914లో ఆ పన్ను రద్దయింది.

పన్ను పోయినా చదువు దానంతట అది రాలేదు. అక్కడి భారతీయులు చందాలు పోగుచేసి డర్బన్‌లో బాలుర కోసం "శాస్త్రి కాలేజీ" అనే ఉన్నత పాఠశాల కట్టించుకున్నారు. 1929లో దానిని తెరిచారు. శ్రీనివాసశాస్త్రిగారి పేరు దానికి పెట్టారు. ఆ దేశపు నల్లజాతి బాలుర స్థితి ఇంకా అన్యాయం. వారికి తక్కువరకం చదువు చాలునని 1953లో ఏకంగా చట్టమే చేశారు. కొన్ని ఉద్యోగాలు తెల్లవాళ్ళకే కట్టిపెట్టడానికి 1956లో మరొక చట్టం వచ్చింది.

తెల్లదొరలను తిట్టి ఊరుకుందామా? ఆ రోజులలో మన ఊళ్ళలోనూ కులం పేరు చెప్పి, కొందరు పిల్లలను బడి గడప తొక్కనిచ్చేవారు కారు. ఆ విద్య మనకు ఏ దొరా వచ్చి నేర్పలేదు.

1959లో మరొక చట్టం వచ్చి విశ్వవిద్యాలయాలను కూడా జాతులవారీగా విడదీసింది. భారతీయులకు డర్బన్ రేవులోని సాలిస్‌బరీ దీవిలో, పాత నౌకాదళపు కొట్టాలలో, 1961లో కాలేజీ పెట్టారు. విద్యార్థులు పడవెక్కి పాఠాలకు పోయేవారు! అదే తరువాత వెస్ట్‌విల్ కొండ మీదికి మారింది. 1994లో అన్ని జాతులవారూ ఓటు వేశారు. 2004లో ఆ విశ్వవిద్యాలయాన్నీ, పాత నేటాల్ విశ్వవిద్యాలయాన్నీ ఒకటిగా కలిపేశారు.