లెక్కలో ఉన్నారు, ఓటులో లేరు

1787లో ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగం రాసుకున్న పెద్దమనుషులను రాజీ కుదుర్చుకోవడంలో దిట్టలని మెచ్చుకుంటూ ఉంటారు. పెద్ద రాష్ట్రాలూ చిన్న రాష్ట్రాలూ చెరికాస్త తగ్గి సెనేట్ విషయం తేల్చుకున్న తీరు చూస్తే ఆ మెచ్చుకోలు సబబే. కానీ అదే హాల్లో కుదిరిన ఐదింట మూడొంతుల లెక్కను కూడా ఆ గాటనే కట్టేస్తే నేను ఒప్పుకోను.

ప్రతినిధుల సభలో సీట్లు జనాభాను బట్టి పంచాలనుకున్నారు. మరి బానిసలు జనాభా కిందికి వస్తారా? తప్పకుండా రావాలన్నారు దక్షిణాది వాళ్లు. ఆ బానిసలకు ఓటు మాత్రం ఉండదు. అంతకు నాలుగేళ్ల ముందు, 1783లో, పన్నుల వాటా జనాభాను బట్టి వేద్దామన్నప్పుడు బానిసలను వీలైనంత తక్కువగా లెక్కగట్టమని పట్టుబట్టింది ఈ దక్షిణాదే. అప్పటి బేరంలో తేలిన నిష్పత్తినే పెన్సిల్వేనియా ప్రతినిధి జేమ్స్ విల్సన్ జూన్ 11న సభ ముందు పెట్టాడు. ఐదుగురు బానిసలుంటే ముగ్గురి కింద లెక్క.

దాని ఫలితం 1790 జనగణనలోనే బయటపడింది. బానిసలు కాని జనం వర్జీనియాలో సుమారు 4.55 లక్షలు, పెన్సిల్వేనియాలో 4.30 లక్షలు. తేడా అంతంత మాత్రమే. సీట్లు మాత్రం వర్జీనియాకు 19, పెన్సిల్వేనియాకు 13. వర్జీనియాలోని 2.92 లక్షల మంది బానిసల పేరిట వచ్చిన సీట్లలో వాళ్ల యజమానులు కూర్చున్నారు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓట్లకూ ఈ సీట్లే ఆధారం. 1800లో జెఫర్సన్‌కు 73, ఆడమ్స్‌కు 65 వచ్చాయి. బానిసల లెక్కన చేరిన ఓట్లు తీసేస్తే ఆడమ్సే గెలిచేవాడని పలువురు చరిత్రకారులు అంటారు.

పారిపోయిన బానిసను పట్టి అప్పగించాలన్నది ఆ రాజ్యాంగంలోనే మరో రాజీ. సమావేశానికి అధ్యక్షత వహించిన వాషింగ్టనే దాన్ని అమలుచేసే చట్టం మీద 1793లో సంతకం పెట్టాడు. 1796లో ఆయన ఇంట్లోంచే ఓనా జడ్జ్ అనే యువతి పారిపోయి న్యూ హాంప్‌షైర్ చేరింది. ఆమెను వెనక్కి రప్పించడానికి దేశాధ్యక్షుడు స్వయంగా మనుషులను పురమాయించాడు. ఆమె రాలేదు. 1848లో చనిపోయేదాకా చట్టం దృష్టిలో ఆమె పరారీలో ఉన్న బానిసే.

ఆ రాజీలు లేకపోతే దేశమే ఏర్పడేది కాదన్న వాదన ఉంది. కావచ్చు. దక్షిణ కరోలినా, జార్జియా తప్పుకుంటామని బెదిరించిన మాట నిజమే. కానీ రాజీ అన్నాక బేరానికి కూర్చున్నవాళ్లు తమ సొంతది ఏదో ఒకటి వదులుకోవాలి. ఇక్కడ ఉత్తరాది, దక్షిణాది కలిసి వదులుకున్నది మూడోవాళ్ల బతుకును. ఆ మూడోవాళ్లను ఎవరూ పిలవలేదు, అడగలేదు. బానిసత్వం కాలక్రమంలో దానంతటదే సమసిపోతుందని కొందరు సర్దిచెప్పుకున్నారు. 1790లో 7 లక్షలున్న బానిసలు 1860కి దాదాపు 40 లక్షలయ్యారు.

ఆ లెక్క రద్దు కావడానికి 6 లక్షల మందికి పైగా చనిపోయిన అంతర్యుద్ధం జరగాల్సి వచ్చింది. 1868లో 14వ సవరణ వచ్చాకే ఐదుగురు ఐదుగురయ్యారు.