ఫుట్‌పాత్ మీద కారు... తీయించేదెవరు?

ఒక చేత్తో పిల్లాడి చెయ్యి, ఇంకో చేత్తో కూరల సంచీ పట్టుకుని నడిచే ఆడవాళ్లను అడగండి, మన ఊళ్లలో ఫుట్‌పాత్ ఎలా ఉంటుందో చెబుతారు. నాలుగడుగులు వేస్తే ఒక స్కూటరు, దాటితే రెండు చక్రాలు పైకెక్కించిన కారు. కిందికి దిగాలి, వెనక నుంచి బస్సు వస్తోందేమో చూసుకోవాలి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులతో ఉన్న అత్తగారు పక్కనుంటే ఈ ఎక్కడం దిగడం కుదిరే పనేనా? చక్రాల కుర్చీలో వెళ్లేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే చాలామంది ఫుట్‌పాత్ మాటే మరచిపోయి రోడ్డు మీద నడుస్తారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, వాళ్లలో 32,825 మంది పాదచారులు. అందరూ ఫుట్‌పాత్ లేకే పోయారని కాదు. కానీ ఆ లెక్క చూశాక, 'ఎవరో బండి పెట్టుకున్నారు, పోనీలే' అని సరిపెట్టుకోవడం కష్టం.

చట్టం లేదా అంటే, ఉంది. ఫుట్‌పాత్ మీద బండి నిలపకూడదని 1989 నాటి నిబంధనలే చెప్పాయి. 2017లో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ అదే మాట. 2025 మే 14న సుప్రీంకోర్టు ఇంకాస్త ముందుకెళ్లి, అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన హక్కులో భాగమేనంది. వికలాంగులు కూడా వాడుకునేలా ఉండాలనీ, ఆక్రమణలు తొలగించాల్సిందేననీ చెప్పింది.

మరి చిక్కంతా ఎక్కడ? ఫుట్‌పాత్ వేసేది మునిసిపాలిటీ. దాని మీద నిలిపిన కారును లాక్కెళ్లాలన్నా, చక్రానికి తాళం వేయాలన్నా మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి చెప్పాలి. ట్రాఫిక్ పోలీసులు చూసేది ముందుగా కూడళ్లు, సిగ్నళ్లు. వీధి చివర ఫుట్‌పాత్ వాళ్ల దాకా వచ్చేసరికి తెల్లారిపోతుంది. 2022లో హైదరాబాద్‌లో 'ఆపరేషన్ రోప్' పేరుతో అడ్డదిడ్డంగా నిలిపిన వాహనాల మీద, ఆక్రమణల మీద ట్రాఫిక్ పోలీసులు దృష్టి పెట్టారు. మంచిదే. కానీ రోజూ నడిచేవాళ్లకు అప్పుడప్పుడూ వచ్చే డ్రైవ్‌లు చాలవు కదా.

ఇక్కడ ఇంకో అన్యాయం కూడా ఉంది. మునిసిపల్ సిబ్బంది చేతికి అందేది తోపుడుబండి, పూలబుట్ట. వాటిని క్షణాల్లో ఎత్తేస్తారు. పక్కనే ఉన్న కారు మాత్రం కదలదు! వీధి వ్యాపారుల రక్షణకు 2014లో ప్రత్యేకంగా చట్టం తెచ్చారు. పూలమ్మే మనిషి కూర్చున్నా పక్కనుంచి నడిచిపోవచ్చు, కారు పెడితే ఆ దారీ ఉండదు. అయినా 'ఆక్రమణ' అనగానే అందరికీ గుర్తొచ్చేది పాపం ఆ బుట్టే.

ఈ గొడవ మనకే కాదు, బ్రిటన్‌కూ ఉంది. లండన్‌లో ఫుట్‌పాత్ పార్కింగ్‌ను 1974లోనే చట్టం చేసి నిషేధించారు. స్కాట్లాండ్ 2019లో చట్టం తెచ్చి, 2023 డిసెంబరు నుంచి జరిమానా వేసే అధికారాన్ని స్థానిక కౌన్సిళ్ల చేతిలోనే పెట్టింది. ఎడిన్‌బరో కౌన్సిల్ 2024 జనవరిలో మొదలుపెట్టింది. ఒక్క చక్రం పైకెక్కినా తప్పే. జరిమానా 100 పౌండ్లు, 14 రోజుల్లో కడితే 50. సరుకు దించే వాహనాలకు 20 నిమిషాలు వెసులుబాటు ఉంది, అదీ నడవడానికి మీటరున్నర వదిలితేనే. ఇరుకు వీధులకు మినహాయింపు ఇచ్చుకునే వీలున్నా, ఎడిన్‌బరో ఏ వీధికీ ఇవ్వలేదు. ఫుట్‌పాత్ ఎవరిదో, జరిమానా పుస్తకం కూడా వాళ్ల చేతిలోనే!

మన దగ్గర కార్లు పెట్టుకోవడానికి చోటేదీ అంటారు. నిజమే, ఆ ఇబ్బంది లేదనలేం. కానీ ఇంటికి కారు కొనేటప్పుడు చోటు చూసుకోవాల్సింది కొనేవాళ్లా, దారిన పోయేవాళ్లా? ఈ విషయంలో ఆడవాళ్లూ తక్కువ తినలేదు. స్కూలు వదిలే వేళ గేటు ముందు ఫుట్‌పాత్ నిండా ఉండేవి స్కూటీలేగా!

అడ్డుగా కమ్మీలు పాతితే బండ్లు ఎక్కవు. కానీ మరీ దగ్గరగా పాతితే చక్రాల కుర్చీ కూడా దూరదు. ఫుట్‌పాత్ మరీ ఎత్తుగా కడితే పెద్దవాళ్లు ఎక్కలేరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు, నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. టేపు పట్టుకుని మీ వీధిలో కొలిచి చూడండి.

అంతకన్నా ముఖ్యం అధికారం సంగతి. జరిమానా కట్టించుకుని కేసు ముగించే పని ఏ అధికారులకు అప్పగించాలో రాష్ట్ర ప్రభుత్వమే నోటిఫికేషన్‌తో నిర్ణయించవచ్చని మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ అంటోంది. వార్డుల్లో కనీసం మూడో వంతు మహిళలకే ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పింది. మీ వార్డు సభ్యురాలు ఈసారి ఎదురైతే, డ్రైనేజీ గురించి అడిగాక, ఈ అధికారం మునిసిపాలిటీకి ఇమ్మని కౌన్సిల్‌లో తీర్మానం పెడతారా అని కూడా అడగండి.