స్మోక్ రూమ్‌లో మా నాన్న

శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో పొయ్యి వెలగదు. ఆసుపత్రిలో మందుల విభాగంలో డ్యూటీ దిగి, కోటు మార్చుకుని, మా వీధి చివరి పబ్బుకి నడిచి వెళ్తాను. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ పక్కనున్న వెస్ట్ బ్రామిచ్‌లో పద్దెనిమిదేళ్లుగా ఇదే అలవాటు. ఎర్ర ఇటుక గోడలు, రంగుటద్దాల కిటికీలు. తలుపు తియ్యగానే పాత చెక్క వాసన, దాని వెనకే బొగ్గుల మీద కాలే మాంసం వాసన. నడిపేది పంజాబీ దంపతులు. ఇలాంటివాటిని ఇక్కడ దేశీ పబ్బులంటారు. ఒకప్పుడు ఇనుము పోత పోసిన ఈ ఊళ్లలో ఇవి చాలానే ఉన్నాయి.

బల్ల దగ్గరికి వచ్చి ఏం కావాలని ఎవరూ అడగరు. కౌంటరు దగ్గరికి మనమే వెళ్లి చెప్పాలి, డబ్బు అక్కడే కట్టాలి. వరసలో నిలబడే పని లేదు. ఎవరి తర్వాత ఎవరొచ్చారో కౌంటరు వెనక ఆవిడకి గుర్తుంటుంది, ఒక్కసారి కూడా తప్పదు. మా ఆయనకి ఒక పైంటు, అంటే 568 మిల్లీలీటర్ల నల్లటి మైల్డ్ బీరు. దాన్ని గంటసేపు తాగుతారు. నాకు అల్లం సోడా. ముందు చేప పకోడీ. శనగపిండిలో వాము దట్టంగా పడుతుంది కాబట్టి నోట్లో పెట్టుకోగానే మా అమ్మ వేసే వాము బజ్జీ గుర్తొస్తుంది. తర్వాత మిక్స్‌డ్ గ్రిల్. అది వస్తోందని కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది. కాలిన ఇనప పళ్లెంలో ఉల్లిపాయ చక్రాలు చుర్రుమంటుంటే, వాటి మీద గొర్రె పక్కటెముకలు, సీఖ్ కబాబ్, కోడి రెక్కలు, పైన పిండిన నిమ్మకాయ. పక్కన నాన్, పుదీనా పచ్చడి. పక్కటెముకని చేత్తో పట్టుకుని తినాలి. ఫోర్కుతో తినేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

బ్రిటన్‌లో పబ్బులు వరసగా మూతబడుతున్నాయి. సూపర్ మార్కెట్‌లో బీరు చవక, కరెంటు ఖర్చు ఎక్కువ. మా పబ్బుని నిలబెట్టింది వంటిల్లే. వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్ జట్టు ఆడే రోజున నీలం తెలుపు చారల చొక్కాల తెల్లవాళ్లు, పనిదిగిన పంజాబీ డ్రైవర్లు, జమైకా ముసలమ్మలు అదే పళ్లెం ముందు కూర్చుంటారు.

పోయిన వేసవిలో మా నాన్న మూడు నెలలుండి వెళ్దామని వచ్చారు. తెనాలి దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. మొదటి శుక్రవారం గుమ్మంలోనే ఆగిపోయారు. "ఆడపిల్లవి, బారుకి పోవడమేంటమ్మా?" అన్నారు. ఆయన తప్పు లేదు. మా ఊళ్లో బార్ అండ్ రెస్టారెంట్ అంటే నల్లటి అద్దాలు, చీకటి, ఆడవాళ్లు వస్తే ఒక మూల తెర కట్టిన ఫ్యామిలీ రూము. చుట్టూ పిల్లలూ ముసలమ్మలూ కనిపించాక లోపలికొచ్చారు.

మేం కూర్చునే గది తలుపు మీద అద్దంలో చెక్కిన అక్షరాలు ఇంకా ఉన్నాయి: స్మోక్ రూమ్. ఇంగ్లండ్‌లో 2007 జులై 1 నుంచి పబ్బుల్లో పొగ తాగడం నిషేధం, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. నాన్న దాని అర్థం అడిగారు, చెప్పాను. పాత పబ్బుల్లో కూలీలకి ఒక గది, మెత్తటి కుర్చీలతో పెద్దమనుషులకి ఇంకో గది, అదే స్మోక్ రూమ్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పోత కర్మాగారాల్లో పనికొచ్చిన పంజాబీలకీ కరీబియన్లకీ ఈ చుట్టుపక్కల చాలా పబ్బుల్లో ఈ రెండో గదిలోకి ప్రవేశం లేదు. కొన్నిచోట్ల అసలు గుమ్మమే ఎక్కనిచ్చేవాళ్లు కాదు. పక్కనే ఉన్న స్మెతిక్‌లో 1964 పార్లమెంటు ఎన్నికల్లో వలసొచ్చిన నల్లవాళ్ల మీద ద్వేషం రెచ్చగొట్టిన ప్రచారంతో పీటర్ గ్రిఫిత్స్ గెలిచాడు. మార్షల్ స్ట్రీట్‌లో అమ్మకానికొచ్చిన ఇళ్లని కొని తెల్లవాళ్లకే ఇవ్వాలని అక్కడి కౌన్సిల్ చూసింది. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ నాయకుడు, పోత కర్మాగారం కార్మికుడు అవతార్ సింగ్ జౌహల్ పిలిస్తే 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ ఆ వీధిలో నడిచాడు. తర్వాత వాళ్లు బ్లూ గేట్స్ అనే పబ్బుకి వెళ్తే స్మోక్ రూమ్‌లో కూర్చోనివ్వలేదు. తొమ్మిది రోజులకి న్యూయార్క్‌లో మాల్కం ఎక్స్‌ని చంపేశారు. హోటళ్లలో, పబ్బుల్లో రంగు చూసి కాదనకూడదన్న బ్రిటిష్ చట్టం ఆ ఏడాది చివర్లో వచ్చింది.

నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ముప్పై ఏళ్లు పౌరశాస్త్రం చెప్పిన గొంతుతో, "మన రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ల మాట 1950లోనే అమల్లోకి వచ్చింది. వీళ్లకన్నా పదిహేనేళ్ల ముందు" అన్నారు.

తాగేసిన సోడా గ్లాసు పట్టుకుని లేచి నిలబడి చుట్టూ చూశారు. ఏం కావాలి నాన్నా అంటే, "కుళాయి ఎక్కడమ్మా?" అన్నారు. అన్న మరుక్షణం ఆయనే ఆగిపోయారు. "చెయ్యి దానంతటదే లేచింది" అని మెల్లగా కూర్చున్నారు.

మాది మాలపల్లె. 1965లో నాన్న ఎస్‌ఎస్‌ఎల్‌సీ చదువుతున్నారు. బడికి పోయే దారిలో టీ కొట్టు. లోపల బల్ల మీద గాజు గ్లాసులు ఊరివాళ్లకి. బయట పందిరి గుంజకి మేకు కొట్టి తగిలించిన సత్తు గ్లాసులు మనవాళ్లకి. టీ పైనుంచి పోసేవాడు. తాగాక గ్లాసు మనమే కడిగి మళ్లీ మేకుకి తగిలించాలి. ఈ సంగతి నాన్న నాకెప్పుడూ చెప్పలేదు. నా నలభై ఆరో ఏట, ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల, కబాబ్ చల్లారిపోతుంటే మొదటిసారి విన్నాను.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. ఈ ఊళ్లలో తెలుగువాళ్లం ఇప్పుడు బాగానే ఉన్నాం. శుక్రవారాలు దేశీ పబ్బులకి వచ్చి మిక్స్‌డ్ గ్రిల్ ఫొటోలు తీసుకుంటాం. ఆ కుర్చీ మనకెలా దొరికిందో తెలియదు. కర్మాగారంలో షిఫ్టు దిగినవాళ్లు పబ్బుల వెంట తిరిగి, కాదనిపించుకుని, బర్మింగ్‌హామ్ విద్యార్థుల్ని సాక్ష్యంగా వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లి సంపాదించిపెట్టిన కుర్చీ అది. దాంట్లో కూర్చుని మనం చేస్తున్నదేంటి? కార్తీకమాసం వస్తే కులానికో వనభోజనం. హాలు అద్దెకి తీసుకుంటాం, అరిటాకులు తెప్పించుకుంటాం, పిలుపు మాత్రం ఇంటిపేరు చూసి వెళ్తుంది. రెండేళ్ల కింద ఒకావిడ నన్ను ఎంతో ఆప్యాయంగా ఆహ్వానించి, ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఊళ్లో ఎటువైపని కూడా అడిగింది. తర్వాత ఎక్కడ, ఎప్పుడన్న కబురు రాలేదు. మేకుకి తగిలించిన గ్లాసుకీ రాని ఆ కబురుకీ తేడా నాకు కనిపించదు.

అందరూ కలిసి తినడానికి ఇళ్లు చాలవు. ఇంటికి పిలిచేవాడు ఎవర్ని పిలవాలో ఎంచుకుంటాడు. డబ్బిచ్చిన ఎవరైనా కూర్చోగల బల్ల వీధిలో ఒకటుండాలి, ఆడవాళ్లకి తెర లేకుండా, ఎవరికీ వేరే గ్లాసు లేకుండా. ఇక్కడున్న తెలుగువాళ్లు నెలకొక్కసారైనా వనభోజనాల గుంపు వదిలి, వీధి చివరి పబ్బులో ఇంటిపేరు తెలియనివాళ్ల పక్కన కూర్చోవాలని నా కోరిక. తాగక్కర్లేదు. నేను తాగను.

ఇంకో మాట. ఇక్కడి పబ్బుల్లో వెళ్లేటప్పుడు ఖాళీ గ్లాసు కౌంటరు మీద పెట్టి వెళ్లడం మర్యాద. నాన్న కుళాయి అడిగిన ఆ సాయంత్రమే పక్క బల్ల దగ్గర ఆల్బియన్ మఫ్లర్ వేసుకున్న తెల్ల తాత తనదీ భార్యదీ రెండు గ్లాసులూ తీసుకెళ్లి కౌంటరు మీద పెట్టాడు. కౌంటరు వెనక ఆవిడ థ్యాంక్యూ అంది. నాన్న కళ్లార్పకుండా చూశారు. తర్వాత శుక్రవారం నుంచి మా బల్ల మీద గ్లాసులన్నీ ఆయనే తీసుకెళ్లేవారు. ప్రతిసారీ ఆవిడ "థ్యాంక్యూ బాబూజీ" అనేది.

నాన్న తిరుగు ప్రయాణానికి ముందు వచ్చిన శుక్రవారం, గ్లాసులు తియ్యబోయాను. నాన్న నా చెయ్యి మీద చెయ్యి వేశారు.

"నాదుండనీమ్మా" అన్నారు. "ఈ ఒక్కసారికి వాళ్లు తీస్తారు."