ఎవరూ ఆపని గోలీలు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో అరవై దాటినవారి మంచం పక్కన మందుల కవరు ఉండడం ఇప్పుడు మామూలు సంగతి. అందులో ఉన్నవన్నీ ఒకే డాక్టరు రాసినవి కావు. బీపీ, షుగర్ గోలీలు సర్కారు దవాఖానవి. గుండెకు హైదరాబాద్‌లోనో, ఆదిలాబాద్ వాళ్లయితే నాగ్‌పూర్‌లోనో రాయించుకున్నవి కొన్ని. మోకాళ్ల నొప్పులకు ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చినవి, కడుపు మంటకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి మరికొన్ని. గల్ఫ్ నుంచి వచ్చినప్పుడు కొడుకు తెచ్చిన నొప్పుల గోలీలు కూడా అందులోనే. వీళ్లలో ప్రతి ఒక్కరూ కొత్త మందు కలిపినవారే. పాతది ఆపే బాధ్యత ఎవరికీ లేదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

బీడీలు చుట్టి నడుము పట్టేసిన ఒక పెద్దమ్మను ఊహించండి. బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటే కొందరికి కాళ్లు వాస్తాయి. ఆ వాపు మందు వల్ల వచ్చిందని గుర్తించకపోతే, నీరు లాగేందుకు ఇంకో గోలీ మొదలవుతుంది. ఇలా ఒక మందు ఇంకో మందును పిలవడాన్ని పౌలా రోషన్, జెర్రీ గుర్విట్జ్ అనే వైద్యులు 1990లలోనే వివరించారు. ఆమెకు అప్పటికే టెల్మిసార్టాన్ అనే ఇంకో బీపీ గోలీ నడుస్తుంటే, నడుము నొప్పికి డైక్లోఫెనాక్ కూడా తోడైతే, నీరు లాగే గోలీతో కలిపి ఈ మూడూ కిడ్నీని దెబ్బతీయగలవు. రామగుండం, ఆదిలాబాద్ వైపు ఎండలు 45 డిగ్రీలకు చేరే రోజుల్లో, ఒంట్లో నీరు తగ్గినప్పుడు లేదా వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఆ ముప్పు మరీ ఎక్కువ. ఏ మందుకు ఆ మందు విడిగా చూస్తే తప్పేమీ కనిపించదు.

టీబీ సోకిన షుగర్ రోగులది ఇంకో చిక్కు. టీబీకిచ్చే రిఫాంపిసిన్ గ్లిమెపిరైడ్ వంటి షుగర్ మందుల బలాన్ని తగ్గిస్తుంది. షుగర్ పెరిగిందని డోసు పెంచుతారు. ఆరు నెలల తర్వాత టీబీ మందులు ఆపేస్తే, పెంచిన డోసు అలాగే ఉండిపోయి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. డోసు పెంచింది ఒక చోట, టీబీ కోర్సు ముగించింది ఇంకో చోట అయితే తగ్గించాలని ఎవరు గుర్తుచేస్తారు? ఇక ఒకే మందును రెండు కంపెనీల పేర్లతో రెండు పూటలా మింగేవారి సంగతి సరేసరి.

ఎక్కువ మందులు వాడేవారి భద్రత, ఒక దవాఖాన నుంచి ఇంకో దవాఖానకు మారేటప్పుడు జరిగే పొరపాట్లు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల హాని తగ్గించే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న మూడు ముఖ్యాంశాల్లో ఈ రెండూ ఉన్నాయి. మన తెలంగాణ రాష్ట్రం 2022లో ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని దీర్ఘకాలిక జబ్బుల) కిట్లతో బీపీ, షుగర్ మందులను రోగులకు చేరువ చేసింది. అది మంచి పని. కానీ ఆ కిట్‌కు పక్కనే ఉన్న కవరు సంగతి పట్టదు. ఆ కవరును కళ్లారా చూడగలిగింది ఇల్లిల్లూ తిరిగే ఆశ, ఏఎన్‌ఎంలే. ఆరు నెలలకోసారి ఇంట్లో ఉన్న ప్రతి మందునూ, పసరు మందులు, చూర్ణాలతో సహా, ఒకే చీటీ మీద రాసి పీహెచ్‌సీ డాక్టరుకు చేర్చే పని వాళ్లకు అప్పగించాలి. దానికి తగిన పారితోషికం కూడా ఇవ్వాలి. ఉన్న పనికే నలిగిపోతున్నవాళ్ల నెత్తిన ఉచిత బరువు మోపడం అన్యాయం.

హైదరాబాద్ స్పెషలిస్టు రాసిన మందును ఆపడానికి పీహెచ్‌సీ డాక్టరు జంకుతారు. అది సహజం. అందుకే కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలోనూ ఆదిలాబాద్ రిమ్స్‌లోనూ వారానికో పూట మందుల సమీక్ష క్లినిక్ నడపాలి. ఆ చీటీలు అక్కడికి వెళ్లాలి. జనరల్ మెడిసిన్ డాక్టరు పక్కన ఫార్మ్‌డీ చదివినవారు కూర్చోవాలి. 2008 నుంచి మన దేశంలో నడుస్తున్న ఈ ఆరేళ్ల కోర్సు తయారుచేసేదే ఇలాంటి పనికి. ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు. అర్ధరాత్రి తలుపు తడితే పలికేది వాళ్లే కాబట్టి జనం వెళ్తున్నారు. బీపీ, కిడ్నీ జబ్బులున్నవారికి నొప్పి సూది వేయకూడదన్న ఒక్క మాట వాళ్లకు గట్టిగా చేరినా చాలామంది గట్టెక్కుతారు.

ఇది చదివి ఎవరూ సొంతంగా గోలీలు మానేయకూడదు. ఫిట్స్ మందులు, గుండెకు స్టెంట్ వేశాక ఇచ్చేవి, ఇన్సులిన్, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లు ఉన్నపళంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఈసారి దవాఖానకు వెళ్లేటప్పుడు పాత చీటీలే కాదు, ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. ఇందులో ఏది ఆపొచ్చో చెప్పమని డాక్టరును అడగండి.