చూసినోళ్ల లెక్క చూశాకే ప్రకటనలకు డబ్బు పెడదాం

కేతేపల్లి మండల వ్యాపారులకు, హోటళ్ల యజమానులకు, రైతులకు, మహిళా సంఘాల అక్కాచెల్లెళ్లకు, చుట్టుపక్కల చేనేత కుటుంబాలకు మనవి.

హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మన మండలం మీదుగానే పోతోంది. సంక్రాంతి వచ్చిందంటే కొర్లపహాడ్ టోల్‌గేట్ దగ్గర బండ్లు బారులు తీరుతాయి. ఆ జనాన్ని పిలవడానికి ఫ్లెక్సీలు కట్టిస్తాం, ఫేస్‌బుక్ ప్రకటనలకు డబ్బు పోస్తాం, కొందరం వెబ్‌సైటూ చేయించుకున్నాం. ఆ సైటు ఎవరు చూశారు, ఏ పేజీ దాకా వచ్చి వెనక్కి పోయారు అని అడిగితే మన దగ్గర జవాబు లేదు. లెక్క చూడకుండా పెట్టే ఈ ఖర్చు ఆపాలి.

మన మూసీ ప్రాజెక్టునే చూడండి, దాని పూర్తి నీటిమట్టం 645 అడుగులు. నీళ్లు ఎంత దాకా వచ్చాయో చూడనిదే ఇంజనీర్లు గేట్లు ఎత్తరు. మన గల్లాపెట్టెకూ అట్లాంటి కొలత కావాలి, అది చేతికి అందేదే. సైటుకు వచ్చినవాళ్ల లెక్క చెప్పే గూగుల్ అనలిటిక్స్ 2005 నుంచి ఉంది, చిన్న వ్యాపారికి పైసా ఖర్చు లేదు.

చేనేత ఊరు పుట్టపాక సంగతే తీసుకోండి. అక్కడి తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టిన నూలుకు చిటికి కట్టి, రంగులద్ది, మగ్గం మీదికి ఎక్కించే పని అది. అట్లాంటి దుపట్టా పేజీని చాలామంది తెరిచి, ఫోన్ నంబరు నొక్కకుండానే పోతున్నారని లెక్కలో తేలిందనుకోండి. అప్పుడు ఇంకో ప్రకటన ఇచ్చి లాభమేమిటి? ధర రాయలేదేమో, ఫొటోలో నేత పనితనం కనిపించడం లేదేమో, ముందు అది సరిదిద్దాలి. జనం ఏ మాట టైపు చేసి మన దాకా వచ్చారో గూగుల్ సెర్చ్ కన్సోల్ చూపిస్తుంది. వాళ్లు ‘దుపట్టా’ అని వెతుకుతుంటే మనం ‘చీరలు’ అని మాత్రమే రాసుకుంటే ఎట్లా దొరుకుతాం?

ఈ లెక్కలను గుడ్డిగా నమ్మొద్దు. వాట్సాప్‌లో పంపిన లింకు నుంచి వచ్చినవాళ్లు చాలాసార్లు, ఎక్కడి నుంచి వచ్చారో తెలియని ‘డైరెక్ట్’ ఖాతాలో పడతారు. అందుకే ఎక్కడ పంపిన లింకో తెలిపే యూటీఎం గుర్తును దాని చివర తగిలించి పంపాలి. మొబైల్ డేటా వాడేవాళ్లు నకిరేకల్‌లో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నట్టు కనిపించవచ్చు. మన ఇంట్లోవాళ్లు రోజూ సైటు తెరిచి చూసుకుంటే ఆ సంఖ్యా అందులో కలుస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట: అనలిటిక్స్ సెట్టింగుల్లో గడువును 14 నెలలకు మార్చకపోతే వివరమైన డేటా 2 నెలలే నిలుస్తుంది. అప్పుడు పోయిన సంక్రాంతిని ఈ సంక్రాంతితో లోతుగా పోల్చడం కుదరదు.

లెక్క పేరుతో జనం నంబర్లు దండుకోవడం మాత్రం తప్పు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. అడిగి, ఒప్పుకున్నాకే నంబరు తీసుకోండి. మనల్ని నమ్మి వచ్చినవాళ్ల పట్ల అది మన మర్యాద కూడా.

మండల సమాఖ్యను, అధికారులను ఒక్కటే కోరుతున్నాం: మన డిగ్రీ పిల్లలకు రెండు రోజుల శిక్షణ పెట్టించండి, ఒక్కొక్కరికి నాలుగైదు దుకాణాలు అప్పగించండి. వ్యాపారులారా, వారానికి ఒక సాయంత్రం ఆ పిల్లల పక్కన కూర్చొని లెక్క చూడండి. వచ్చే దసరాకు ఫ్లెక్సీ ఆర్డరిచ్చే ముందు, పోయిన నెల మీ సైటుకు ఎవరొచ్చారో, ఏం చూసి పోయారో తప్పకుండా అడిగి తెలుసుకోండి.