నెక్స్ట్ స్లైడ్ ఎవరి చేతిలో ఉంది?

మన సెమినార్ హాల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు వినిపించే మాట "నెక్స్ట్ స్లైడ్". 20 స్లైడ్ల ప్రెజెంటేషన్ అయితే ఆ మాట 19 సార్లు అనాల్సిందే. మధ్యమధ్యలో "ఆగురా, ఇంకా చెప్పలే", "రెండు వెనక్కి పో", "అది కాదు, దాని ముందుది" అనేవి అదనం. అందరం నవ్వుకొని వదిలేస్తున్నం. కానీ ఇది వదిలేసే విషయం కాదని నా అభిప్రాయం. స్లైడ్ మార్చే మీట మాట్లాడేవాళ్ల చేతిలోనే ఉండాలి. అందుకు కొత్తగా ఏమీ కొనక్కర్లేదు, జేబులో ఉన్న ఫోన్ చాలు. సెమినార్ టైమ్‌లో దాన్ని వాడుకోనివ్వమని కాలేజీని అడగాలి. అడిగే ముందు దాన్ని ఎట్లా వాడాలో మనం సరిగ్గా నేర్చుకోవాలి.

ఈ తిప్పలు మనకొక్కరికే లేవు. 2020లో కోవిడ్ మీద బ్రిటన్ ప్రభుత్వం టీవీలో సమావేశాలు పెట్టినప్పుడు, ఆ దేశంలో ముఖ్య వైద్యాధికారిగా ఉన్న క్రిస్ విట్టీ గ్రాఫులు చూపిస్తూ "నెక్స్ట్ స్లైడ్ ప్లీజ్" అని అనీ అనీ, చివరికి అది అక్కడి జనానికి ఊతపదం అయిపోయింది. కప్పుల మీద అచ్చేసి అమ్ముకున్నరు కూడా. అయితే దానివల్ల ఆయనకు పోయిందేమీ లేదు. మాట్లాడేది ఆయన సొంత భాష. మీట నొక్కే మనిషి ఆయన మాట కోసం ఎదురుచూసే ఉద్యోగి. మన హాల్లో ఈ రెండూ ఉండవు.

మన దగ్గర ఏం జరుగుతదో ఒకసారి చూడండి. టీమ్‌లో నలుగురం. ల్యాప్‌టాప్ ఎవరిదో వాళ్లే దాని ముందు కూర్చుంటరు. ఎక్కువసార్లు ఆ మనిషే స్లైడ్లు తయారు చేసి ఉంటడు, ఇంగ్లిష్ కూడా బాగా వచ్చి ఉంటది. మిగిలిన ముగ్గురు వంతులవారీగా లేచి నిలబడి, తెర వైపు తిరిగి, స్లైడ్ మీద ఉన్నది చదువుతరు. ఒక్క వాక్యం దగ్గర తడబడి ఆగితే, అయిపోయిందనుకొని పక్కవాడు టక్కున తర్వాతి స్లైడ్ కొడతడు. చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతది. మార్కులు వేసే సార్‌కు మాత్రం "ఈ అబ్బాయికి సబ్జెక్ట్ రాదు" అన్నట్టు కనిపిస్తది.

మన క్లాసులో జనగామ నుంచి వచ్చినవాళ్లు ఉన్నరు, మానుకోట నుంచి వచ్చినవాళ్లు ఉన్నరు, రైలు లేని భూపాలపల్లి నుంచి బస్సుల మీద వచ్చినవాళ్లు ఉన్నరు. 2016 అక్టోబర్ 11న ఇవి వేర్వేరు జిల్లాలైనా, అంతకుముందు అందరిదీ ఒకే వరంగల్ జిల్లా. చాలామందిమి పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంట్లో ఇంజనీరింగ్ మాట మొదట విన్నది మాతోనే. నా రూమ్మేట్‌ది మానుకోట దగ్గర తండా. వాడు ఇంట్లో మాట్లాడేది లంబాడీ, బడిలో చదివింది తెలుగు, స్లైడ్ మీద ఉండేది ఇంగ్లిష్. ఒక్క పాయింట్ చెప్పడానికి వాడు మూడు భాషలు దాటి రావాలె. అట్ల దాటి రావడానికి రెండు మూడు సెకన్లు పడతది. ఆ రెండు మూడు సెకన్లు వాడికి దొరుకుతయా లేదా అన్నది, మీట ఎవరి చేతిలో ఉందన్న దాని మీద ఆధారపడి ఉంది. నేను ఫోన్ రిమోట్ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఇదే.

మన పెద్దలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. జనగామకు దగ్గర్లోనే చేర్యాల ఉంది. జిల్లా సిద్దిపేట అయినా, అసెంబ్లీ నియోజకవర్గం ఇప్పటికీ జనగామే. అక్కడి నకాశీ కళాకారులు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, దాని మీద బొమ్మలు వేస్తరు. 3 అడుగుల వెడల్పు, 40 అడుగులు దాటే పొడవు. దాన్ని అడ్డంగా గళ్లుగళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో కథలోని ఒక్కో ఘట్టం గీస్తరు. ఆ పటం పట్టుకొని కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలి వాళ్లు మాదిగలకు జాంబ పురాణం చెప్పేవాళ్లు. పవర్‌పాయింట్ 1987లో వచ్చింది. మన ఊళ్లలో పటం కథలు అంతకు వందల ఏండ్ల ముందటివి.

ఆ పటం కథలో గమనించాల్సింది ఒకటుంది. బొమ్మ ఎప్పుడు కదలాలో కథ చెప్పే బృందమే నిర్ణయిస్తది. జనం ఒక ఘట్టం దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆ గడి దగ్గరే ఆగొచ్చు. పిల్లలు అల్లరి మొదలుపెడితే తొందరగా ముందుకు పోవచ్చు. కథకుడి ముఖం జనం వైపు ఉంటది, పటం ఆయన మాట కోసం ఆగుతది. మన సెమినార్‌లో ఇది తలకిందులైంది. బొమ్మ ముందు పోతది, మనిషి దాని వెనక ఉరుకుతడు.

సరే, ఫోన్‌తో ఇది ఎట్లా సరిచేస్తం? ఇంజనీరింగ్ వాళ్లం కాబట్టి లోపల ఏం జరుగుతదో కూడా మాట్లాడుకుందం. స్లైడ్ మారాలంటే కంప్యూటర్‌కు కావాల్సింది ఒక్క కీ నొక్కు, అంతే. పేజ్ డౌన్ నొక్కితే ముందుకు, పేజ్ అప్ నొక్కితే వెనక్కి. మార్కెట్లో దొరికే క్లిక్కర్ చేసే పని కూడా ఇదే. దాని యూఎస్‌బీ ముక్క పెట్టగానే కంప్యూటర్ దాన్ని కీబోర్డ్ అనుకుంటది. ఫోన్ కూడా అట్లా కీబోర్డ్ వేషం వేయగలదు. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి, ఫోన్‌ను బ్లూటూత్ కీబోర్డ్‌గా మార్చే యాప్‌లు రాసుకోవడానికి దారి దొరికింది. ల్యాప్‌టాప్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వేయక్కర్లేదు. ఒకసారి జత చేస్తే చాలు.

రెండో దారి, ల్యాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రామ్, ఫోన్లో దానికి జోడీ యాప్. లిబ్రెఆఫీస్ వాడేవాళ్లకు ఇంప్రెస్ రిమోట్ 2013 నుంచీ ఉచితంగా ఉంది. సెట్టింగుల్లో రిమోట్ కంట్రోల్ ఆన్ చేసి, ఫోన్‌లో చూపించే పిన్‌ను కంప్యూటర్‌లో కొడితే కలుస్తది. కేడీఈ కనెక్ట్‌లో కూడా ప్రెజెంటేషన్ రిమోట్ ఉంది, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తది. వీటికి వైఫై కావాలంటే మాత్రం ఒక చిక్కుంది. కాలేజీ వైఫైల్లో చాలాచోట్ల ఒక పరికరం ఇంకో పరికరంతో నేరుగా మాట్లాడకుండా అడ్డం పెడతరు. భద్రత కోసం అది మంచిదే. కానీ మీ ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ ఒకే వైఫైలో ఉన్నా ఒకదానికొకటి కనబడవు. "యాప్ పనిచేస్తలేదు" అని చాలామంది వదిలేసేది ఇక్కడే. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌ను దానికి కలపాలి. నెట్ అవసరం లేదు, డేటా ఖర్చు కాదు. రెండింటి మధ్య దారి ఉంటే చాలు.

ఇక అసలు అడ్డంకి. సెమినార్ హాల్లోకి ఫోన్ తేవద్దంటరు. ఇది మన ఒక్క కాలేజీ మాట కాదు. వేరే కాలేజీల్లో చదివే మిత్రులూ ఇదే చెప్తున్నరు. సార్లను తప్పుపట్టే ముందు వాళ్ల భయం ఏందో వినాలి. ఫోన్ చేతిలో ఉంటే నోట్స్ చూసి చదువుతరు. మధ్యలో కాల్ వస్తది, వాట్సాప్ మోగుతది. ప్రశ్న అడిగితే గూగుల్‌లోనో ఏఐలోనో జవాబు వెతుకుతరు. ఈ భయాల్లో నిజం ఉంది. రిమోట్ యాప్‌లలో కొన్ని స్లైడ్ కింద రాసుకున్న నోట్స్ కూడా ఫోన్‌లో చూపిస్తయి. అప్పుడు ఏమైతది? ఇన్నాళ్లు తెర వైపు తిరిగి చదివినవాళ్లం, ఇప్పుడు అరచేతి వైపు వంగి చదువుతం. జనం ముఖం చూడడం మళ్లీ లేదు. ఇట్లా వాడేదానికి నేనూ వ్యతిరేకమే.

అందుకే నేను మొదటి దారినే సమర్థిస్తున్న. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ ఒక్కటే ఆన్ చేసి, కీబోర్డ్ యాప్ మాత్రమే తెరవాలి. కాల్ రాదు, మెసేజ్ రాదు, నెట్ ఉండదు. తెర మీద రెండే బటన్లు, ముందుకు, వెనక్కి. మొదలుపెట్టే ముందు ఫోన్ తెరను ఒకసారి సార్‌కు చూపిస్తే అనుమానానికి తావే లేదు. కాలేజీ నియమం "ఫోన్ వద్దు" అని కాకుండా "మాట్లాడే మనిషి దగ్గర ఒక్క ఫోన్, ఏరోప్లేన్ మోడ్‌లో" అని ఉంటే, సార్ల భయమూ తీరుతది, మన అవసరమూ తీరుతది. డిపార్ట్‌మెంట్ ఒక క్లిక్కర్ కొనిస్తే చాలదా అని అడగొచ్చు. కొంటే సంతోషమే. కానీ అది బీరువాలో ఉంటది, తాళం ఇంకొకరి దగ్గర ఉంటది, కావాల్సిన రోజు సెల్ అయిపోయి ఉంటది. పైగా హాస్టల్ రూమ్‌లో ప్రాక్టీస్ చేయడానికి ఎవరూ ఇవ్వరు. ఫోన్‌తో అయితే ముందురోజు రాత్రి గోడకు ఎదురుగా నిలబడి పదిసార్లు చెప్పుకోవచ్చు.

చేతిలో మీట ఉన్నవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది, చాలామంది వాడరు. పవర్‌పాయింట్ స్లైడ్‌షో నడుస్తుండగా కీబోర్డ్ మీద "బి" కొడితే తెర మొత్తం నల్లగా అయిపోతది. మళ్లీ కొడితే స్లైడ్ తిరిగి వస్తది. భూపాలపల్లి మిత్రుడొకడు థర్మల్ ప్లాంట్ బూడిద వాడకం మీద సెమినార్ ఇచ్చిండు. వాళ్ల ఊరి దగ్గర చెల్పూరులోనే కాకతీయ థర్మల్ ఉంది. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600 మెగావాట్లది ఒకటి, మొత్తం 1,100. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ కాబట్టి ఆ బూడిదను ఏం చేయాలన్నది అక్కడ రోజువారీ ప్రశ్న. రెండు స్లైడ్లు ఇంగ్లిష్‌లో నడిపి, మూడోదాని దగ్గర తెర నల్లగా చేసి, బూడిదతో ఇటుక ఎట్లా చేస్తరో చేతులు తిప్పుతూ తెలుగులో చెప్పిండు. అప్పటిదాకా తెర మీద ఉన్న కళ్లన్నీ వాడి మీదికి వచ్చినయి. వెనక బెంచీ నుంచి మొదటిసారి నిజమైన ప్రశ్న వచ్చింది. ప్రశ్న ఏడో స్లైడ్ గురించి అయితే, 7 కొట్టి ఎంటర్ నొక్కిండు, నేరుగా అక్కడికి పోయిండు. "వెనక్కి, ఇంకా వెనక్కి" అనే తంతు లేదు.

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. ఫోన్ చార్జ్ చూసుకోండి. తెర తనంతట తాను ఆఫ్ కాకుండా సెట్టింగ్ మార్చండి. బ్లూటూత్ సుమారు 10 మీటర్ల లోపు నమ్మకంగా పనిచేస్తదని లెక్కేసుకొని, హాల్లో చివరి బెంచీ దాకా నడిచి ముందే పరీక్షించండి. ల్యాప్‌టాప్ దగ్గర ఒక మిత్రుణ్ని కూర్చోబెట్టండి, కనెక్షన్ పోతే తప్ప చెయ్యి వేయొద్దని చెప్పండి. కాలేజీ కంప్యూటర్‌తో జత చేస్తే, అయిపోయాక ఆ జతను తీసేయండి. లేదంటే మీ ఫోన్ ఆ కంప్యూటర్‌కు కీబోర్డ్‌గా మిగిలిపోతది. రేపు ఇంకొకరి సెమినార్‌లో మీ వేలు తగిలినా స్లైడ్ ఎగిరిపోవచ్చు.

ఒక మాట మనలో మనం కూడా అనుకోవాలి. అందరి దగ్గరా మంచి ఫోన్ ఉండదు. తెర పగిలిన పాత ఫోన్‌తో నెట్టుకొచ్చేవాళ్లు మన బెంచీలోనే ఉన్నరు. వాళ్ల వంతు వచ్చినప్పుడు మన ఫోన్ వాళ్ల చేతికి ఇవ్వాలి. పది నిమిషాల పని. నెట్ ఆపేసిన ఫోన్‌లో చూసుకోవడానికి ఎట్లాగూ ఏమీ ఉండదు. స్లైడ్లు చేసిన మనిషికి కూడా నేను చెప్పేది ఒక్కటే. స్లైడ్ నువ్వే చేసి ఉండొచ్చు, ల్యాప్‌టాప్ నీదే కావొచ్చు. కానీ నీ మిత్రుడు నిలబడ్డ ఆ నాలుగు నిమిషాలు వాడివి. వాడు ఆగితే ఆగనివ్వు. ఆ మౌనంలో వాడు లంబాడీ నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి వస్తున్నడు.

వచ్చే నెల మినీ ప్రాజెక్ట్ రివ్యూలు ఉన్నయి. దానికి ముందే క్లాస్ రిప్రజెంటేటివ్‌లు హెచ్‌ఓడీ దగ్గరికి పోయి ఈ ఒక్క నియమం అడగాలని నా ప్రతిపాదన. మాట్లాడే మనిషి దగ్గర ఒక్క ఫోన్, ఏరోప్లేన్ మోడ్‌లో, రెండు బటన్లతో. ఒప్పుకుంటే మంచిది. ఒప్పుకోకపోతే ఒక్క రివ్యూకు ప్రయోగంగా చూడమని అడుగుదం. ఈలోపు మన సాహితీ క్లబ్ శనివారం సమావేశాల్లో మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. యాప్ వేసుకొని రండి, జత చేయడం తెలియకపోతే నేను చూపిస్త.