మైదానములో సెంటు నేల

వేమూరు పరిసరములలోని పల్లెపిల్లలకు ‘సెంటు’ అను మాట క్రొత్తది కాదు. ఇంటిస్థలము మూడు సెంట్లనియు, పొలము ఎకరము నలుబది సెంట్లనియు పెద్దలు చెప్పుకొనుట వారు చిన్ననాటినుండి వినుచునే యుందురు. అయినను సెంటు నేల ఎంత యుండునో బడి ఆవరణలో నిలిచి చూపుమన్నచో చూపగలవారు అరుదు. ఎకరమునకు 4840 చదరపు గజములని మాత్రము తడుముకొనక అప్పజెప్పుదురు.

దోషము పిల్లలది కాదు. వైశాల్యము నల్లబల్లపై పుట్టి నోటుపుస్తకములో ముగియుచున్నది. పరీక్షలు సమీపించినపుడు మొట్టమొదట రద్దగునది ఆటల గంట. ఆ గంటను అడిగి తీసికొనువారిలో లెక్కల మాస్టారు తరచుగా ముందుందురు. తీసికొన్న గంటలో ఆయన పిల్లలతో మైదానములోనికే పోయినచో ఎంత పని జరుగునో చూడుడు.

క్రికెట్ పిచ్ పొడవు 22 గజములు. ఎడ్మండ్ గంటర్ అను ఆంగ్లేయుడు 1620లో రూపొందించిన సర్వే గొలుసు పొడవును అంతియే. (పేరు వినగానే గుంటూరు జ్ఞప్తికి వచ్చును గాని, రెంటికిని చుట్టరికము లేదు.) ఆ కొలతతో నాలుగు వైపుల సున్నపుగీత గీసిన చతురస్రము 484 చదరపు గజములు, అనగా సరిగా పది సెంట్లు. అట్టివి పది చేరిన ఎకరము.

తరువాత ఏడు గజముల చతురస్రము గీయించవలెను. అది 49 చదరపు గజములు. సెంటుకంటె రవంత ఎక్కువ. పిల్లలను దాని చుట్టు పరుగెత్తించి, పిమ్మట భుజమును పదునాలుగు గజములకు పెంచి, ఇది ఎన్ని సెంట్లని అడుగుడు. రెండని ముక్తకంఠముతో పలుకుదురు. లోపల చిన్న చతురస్రములు గీసి చూచినపుడు నాలుగు తేలును. చుట్టు పరుగు రెండింతలే గదా, నేల నాలుగింతలేల యైనదని ఒక్కడైనను అడుగును. పాఠము అచ్చట మొదలగును.

బిళ్లంగోడులో బిళ్ల పడిన దూరమును కోడుతో కొలుతురు. పొట్టి కోడు గలవానికి లెక్క ఎక్కువ వచ్చును, వెంటనే తగవు. విలోమానుపాతమునకు అంతకన్న మంచి ఉదాహరణము దొరకదు.

2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము మూడు మొదలు ఎనిమిదేండ్ల పిల్లలకు ఆటద్వారా బోధనను ప్రధానముగ జెప్పినది. పై తరగతులవారికి ఆట అక్కరలేదని దాని భావము కాదు. అయితే ప్రతి ఆటకును లెక్క తగిలించినచో పిల్లలు ఆటనే విసుగుకొందురు; వారమున కొకసారి చాలును. తిరిగి వచ్చిన వెంటనే కొలతలను పుస్తకములో వ్రాయించి లెక్క కట్టించవలెను. లేనిచో అది ఉత్త షికారు.

వలసినవి కొలతటేపు, గుప్పెడు సున్నము. మేడలపై నడుచు కొన్ని బడులకు ఆవరణయే లేదు. అచ్చటి పిల్లలకు సెంటు నేల చూపుటకైనను ఊరిలోని ఖాళీస్థలము వెదకవలసి యుండును.